మందు పోయలేని ట్యాంకులో పెద్ద చేపలు

సంపాదకుల వారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ విశాఖ పేజీలో ఇళ్లలో పెట్టుకునే ఉప్పునీళ్ల అక్వేరియంల మీద కథనం వేశారు. ఫొటోలు చాలా బాగున్నాయి. నీలం లైటు కింద పగడాలు, వాటి మధ్య పసుపు తోక బ్లూ ట్యాంగ్, ఆ పక్కనే ఎంపరర్ ఏంజెల్ పిల్ల. ట్యాంకు నాలుగడుగులని, ఇంటి అలంకరణలో ఇదే కొత్త ట్రెండ్ అని రాశారు. ఆ రెండు చేపలూ ఎంత పెరుగుతాయో మాత్రం రాయలేదు. బ్లూ ట్యాంగ్ అడుగు దాకా పెరుగుతుంది. ఎంపరర్ ఏంజెల్ 40 సెంటీమీటర్ల దాకా వస్తుంది. నాలుగడుగుల గాజుపెట్టెలో అలాంటివి రెండు ఎలా తిరుగుతాయో మీ పాఠకులే టేపు పట్టి చూసుకోవచ్చు.

నేను ఈ ఊళ్లో ఏసీ మెకానిక్‌గా మొదలై, నీళ్లను చల్లబరిచే చిల్లర్ల రిపేర్ల మీదుగా అక్వేరియం సర్వీసులోకి వచ్చినవాణ్ణి. సిరిపురం, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, రుషికొండ వైపు ఇళ్లు, కొన్ని ఆఫీసులు, ఒకట్రెండు ఆసుపత్రుల రిసెప్షన్లు నాకు గిరాకీలు. మీ కథనం చూసి కొత్తవాళ్లు కూడా ఫోన్ చేశారు, ‘మాకూ అలాంటిది పెట్టిపెడతావా’ అని. పని వస్తే నాకెందుకు చేదు? కానీ కొన్నాళ్లకు ‘చేప ఆయాసపడుతోంది, అర్జెంటుగా రా’ అనే ఫోను కూడా నాకే వస్తుంది. వెళ్లేసరికి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఎందుకు మిగలదో చెబుదామనే ఈ ఉత్తరం.

మంచినీళ్ల ట్యాంకులో చేపకు జబ్బు చేస్తే నీళ్లలో మందు వేసి చూస్తాం. పగడాలున్న ఉప్పునీళ్ల ట్యాంకులో ఆ వీలు లేదు. సముద్రపు చేపలను ఎక్కువగా పీడించేది తెల్లమచ్చల జబ్బు, షాపుల్లో ‘ఇక్’ అంటారు. కంటికి ఆనని ఓ పరాన్నజీవి చర్మంలోకి, మొప్పల్లోకి దూరి కూర్చుంటుంది. ఒంటి నిండా ఉప్మా రవ్వ చల్లినట్టు చుక్కలు తేలతాయి. దీనికి నమ్మకమైన మందు రాగి. అదే రాగి రొయ్యలకూ నత్తలకూ పగడాలకూ విషం. పైగా ఒకసారి పోస్తే రాళ్లు, ఇసుక దాన్ని పీల్చి దాచుకుంటాయి. చేపను బతికించాలంటే ట్యాంకును చంపుకోవాలన్నమాట. ‘పగడాలకు ఏమీ కాదు, ఇక్ మాత్రం పోతుంది’ అని లేబుల్ వేసి అమ్మే సీసాలు బోలెడు. సగం వాడి వదిలేసిన అలాంటి సీసాలు గిరాకీల అల్మారాల్లో చాలా చూశాను. వాటితో బాగుపడిన ట్యాంకును ఇంతవరకు చూడలేదు.

ఆ సీసాలు అమ్ముడుపోవడానికి ఓ కారణం ఉంది. నాలుగైదు రోజుల్లో చుక్కలు వాటంతటవే పోతాయి. ఇంట్లోవాళ్లు మందు పనిచేసిందని సంబరపడతారు. నిజానికి ఆ పురుగు కడుపు నింపుకుని చేపను వదిలి ఇసుకలోకి దిగిపోయింది, అంతే. అక్కడ చుట్టూ పెంకు కట్టుకుని లోపల వందలుగా చీలుతుంది. కొన్ని రోజులకో, వారాలకో అవి బయటికొచ్చి చేపను వెతుక్కుంటాయి. సముద్రంలో అయితే చాలావాటికి చేప దొరక్కుండానే ఆయుష్షు తీరిపోతుంది. గాజుపెట్టెలో వెతుక్కునే శ్రమే లేదు. అందుకే రెండో విడత మొదటిదానికన్నా గట్టిగా వస్తుంది. ట్యాంగ్‌లకు ఇది మిగతా చేపలకన్నా తొందరగా పడుతుంది, హిందూ మహాసముద్రపు పౌడర్ బ్లూ ట్యాంగ్‌కైతే మరీను. ట్యాంకులోంచి దీన్ని పూర్తిగా వదిలించాలంటే ఒక్క చేప కూడా లేకుండా అన్నింటినీ తీసేసి సుమారు రెండున్నర నెలలు ఖాళీగా నడపాలి. రెండు మూడు లక్షలు పోసి కట్టించుకున్నవాళ్లను అంతకాలం ఖాళీ నీళ్లు చూస్తూ కూర్చోమంటే కూర్చుంటారా? ఇక్ కన్నా చెడ్డది వెల్వెట్ అనే ఇంకో జబ్బు. చుక్కలు పొడిపొడిగా, టార్చిలైటు పక్కనుంచి వేస్తే తప్ప కనిపించవు. చేప వెలుతురు తప్పించుకుంటూ, నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ ముందుకొచ్చి నిలబడుతుంది. రెండు మూడు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది.

కాబట్టి పడాల్సిన పాట్లన్నీ చేపను ట్యాంకులోకి దింపకముందే పడాలి. దానికి నేను చేసుకున్న ఏర్పాటు చూస్తే మీ ఫొటోగ్రాఫర్ కెమెరా కూడా బయటికి తీయరు. ఫిషింగ్ హార్బర్‌లో చేపలను ఐసు వేసి ఉంచే పెద్ద ప్లాస్టిక్ పెట్టెలు చూసే ఉంటారు, వేడి సోకకుండా గోడలు మందంగా ఉంటాయి. అలాంటిది కొత్తది ఒకటి కొన్నాను. అడుగున ఇసుక లేదు, రాయి లేదు. చేప దాక్కోవడానికి నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కలు. ముందే బ్యాక్టీరియా పట్టించి పెట్టుకున్న స్పాంజి ఫిల్టరు, గాలి పంపు, పైన వల. వల లేకపోతే పొద్దున్నే చేప నేలమీద ఉంటుంది. చేప కుదురుకుని తిండి ముట్టేదాకా మందు జోలికి పోను. తర్వాత రాగిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ, రోజూ కిట్‌తో కొలుచుకుంటూ నెల రోజులు నడుపుతాను. మోతాదు తగ్గితే పురుగు చావదు, హెచ్చితే చేపే పోతుంది. ఇందులో అందాజా లెక్కలు పనికిరావు. పెట్టె చిన్నది, చేప పెద్దది కాబట్టి చేప వదిలే అమ్మోనియా కూడా రోజూ చూడాల్సిందే. అది పెరిగింది కదా అని అమ్మోనియా తగ్గించే సీసా తెచ్చి రాగి ఉన్న నీళ్లలో పోయకండి. రెండూ కలిస్తే రాగి విషం ఇంకా పెరుగుతుంది. నీళ్లు మార్చడమొక్కటే దారి.

ఇదంతా షాపువాళ్లే చేసి అమ్మితే ఎంత బాగుండు! చేసేవాళ్లు లేకపోలేదు, వాళ్ల దగ్గర ధర ఎక్కువ. గిరాకీలేమో పక్క షాపులో వెయ్యి తక్కువని అక్కడికి పోతారు. చవకగా వచ్చిన ఆ చేపతో పాటు ఇంకేం వచ్చిందో తర్వాత తెలుస్తుంది.

సైజు సంగతికి వస్తాను. ఎంపరర్ ఏంజెల్ పిల్లప్పుడు ముదురు నీలం మీద తెల్లటి గుండ్రటి గీతలతో ఉంటుంది. పెద్దదయ్యేకొద్దీ ఆ గీతలు పోయి ఒళ్లంతా పసుపు చారలు వస్తాయి. ఎంవీపీ కాలనీలో ఒక పెద్దాయన ఈ మార్పు చూసి ‘ఏమయ్యా, నా చేపను ఎత్తుకెళ్లి వేరేది వేశావా?’ అని నన్ను నిలదీశారు. ఆయన రోజూ ఫోన్లో తీసుకున్న ఫొటోలే వరసగా తిప్పి చూపిస్తే గానీ నమ్మలేదు. ఈ చేపతో ఇంకో పేచీ కూడా ఉంది. చాలా ఏంజెల్‌లు పగడాలను కొరుక్కు తింటాయి. కొన్ని ముట్టవు. ఏది ముట్టదో కొనేటప్పుడు ఎవరూ చెప్పలేరు. పగడాలమీద మోజున్నవాళ్లు దీన్ని కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

ట్యాంగ్‌కు లోతు కన్నా పొడవు ముఖ్యం. సముద్రంలో రోజంతా రాళ్లమీది నాచు గీక్కుంటూ తిరిగే చేప అది. ఆరడుగుల లోపు ట్యాంకులో దాన్ని పెట్టమంటే నేను ఒప్పుకోను. ‘చిన్నదే కదా, పెరిగాక చూద్దాం’ అంటారు. పెరిగాక చూసేది ఎవరు? దాన్ని వెనక్కి తీసుకునే షాపు దొరకదు. తోక మొదట్లో ఇరుపక్కలా పదునైన ముల్లు ఉంటుంది, ఇరుకైతే ఆ ముల్లుతో పక్క చేపల ఒళ్లు చీరేస్తుంది. తన ఆకారంలోనే ఉన్న చేప కనబడితే అసలే ఊరుకోదు. అందుకే బెదురు చేపలను ముందు దింపి, ట్యాంగ్‌ను చివర్లో దింపాలి. అది కూడా నేరుగా వదలకుండా కన్నాలున్న ప్లాస్టిక్ డబ్బాలో కొన్ని రోజులు ట్యాంకులోనే వేలాడదీసి, ఒకదాన్నొకటి చూసి అలవాటు పడ్డాక వదలాలి. నాలుగడుగుల ట్యాంకున్నవాళ్లకు క్లౌన్‌ఫిష్ జంట చాలు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్లు హేచరీలో వాటి పిల్లలను పెంచే పద్ధతి ఎప్పుడో తయారుచేశారు. హేచరీ పిల్ల అడిగి కొనుక్కుంటే సముద్రంలోంచి పట్టుకొచ్చినదానికన్నా సుళువుగా తిండి తింటుంది.

తిండి దగ్గర జరిగే పొరపాటు అందరిదీ ఒకటే. ట్యాంగ్‌కు సాయంత్రం ఓ గుప్పెడు ఫ్రోజెన్ రొయ్య పడేసి అయిపోయిందనుకుంటారు. దానికి కావాల్సింది నాచు, అదీ రోజంతా. సుషీ చుట్టడానికి వాడే ఎండు నాచు షీట్లు ఇప్పుడు మన సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతున్నాయి. ఉప్పు, నూనె, మసాలా ఏదీ లేనివి చూసి తెచ్చి, క్లిప్పుకు పెట్టి గాజుకు అంటిస్తే పొద్దున పెట్టింది మధ్యాహ్నానికి ఉండదు. బీచ్ రాళ్లమీద పెరిగే పచ్చ నాచు పెట్టొచ్చా అని అడుగుతుంటారు. చేపలు ఇష్టంగానే తింటాయి. కానీ డ్రైనేజీ కాలువలు కలిసే చోట గీకి తేవద్దు. చేప సరిగ్గా తింటోందో లేదో తెలుసుకోవాలంటే పక్కనుంచి కాదు, అది మీవైపు తిరిగినప్పుడు ఎదురుగా చూడండి. పొట్ట లోపలికి పోయి, తల వెనక వీపు కండ సన్నబడి ఉంటే మీరు పెట్టేది చాలడం లేదు. ముఖం మీద, కళ్ల చుట్టూ చిన్న చిన్న గుంటలు పడుతుంటే తిండిలో విటమిన్ల లోపం ఒక అనుమానం, ఫిల్టర్లో వేసే బొగ్గు పొడి ఇంకో అనుమానం. బొగ్గును నల్లనీళ్లు పోయేదాకా కడిగి గాని వేయకండి.

లయన్‌ఫిష్, గ్రూపర్ పెట్టుకున్నవాళ్లు సరదాకి బతికున్న గప్పీలు, గోల్డ్‌ఫిష్‌లు వేసి పిల్లలకు చూపిస్తుంటారు. మంచినీళ్ల చేపల కొవ్వు వాటికి సరిపడదు, లివర్ పాడవుతుంది. హార్బర్‌లో దొరికే తాజా రొయ్య పెంకుతో సహా, కవళ్లు, మెత్తటి చేప ముక్కలు మార్చి మార్చి, వారానికి రెండు మూడుసార్లు పెడితే చాలు. లయన్‌ఫిష్ వీపు ముళ్లలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే చేయి తట్టుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి ఆసుపత్రికి పొండి. పసుపు పట్టించి కూర్చోకండి.

చిల్లర్ గురించి నేను కాకపోతే ఇంకెవరు రాస్తారు? ఉప్పునీళ్ల ట్యాంకు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మన ఊళ్లో ఏప్రిల్ నుంచి చిల్లర్ లేకుండా అది అయ్యే పని కాదు. ఇంటీరియర్ వాళ్లు చేసే పనేమిటంటే, చిల్లర్‌ను ట్యాంకు కింద అల్మారాలోకి తోసి, తలుపు బిగించి, సోఫాకు మ్యాచింగ్‌గా లామినేట్ అంటిస్తారు. చిల్లర్ అంటే ఏసీయే. నీళ్లలోని వేడిని లాగి బయటికి వదులుతుంది. వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకోవాల్సి వస్తే కంప్రెసర్ వేడెక్కి ట్రిప్ అవుతుంది. మొన్న వేసవిలో బీచ్ రోడ్డు వైపు ఒక ఇంట్లో తలుపు తీస్తే లోపల చేయి పెట్టలేకపోయాను. కండెన్సర్ రెక్కల మధ్య ఉప్పు, దుమ్ము కలిసి బూడిదరంగు పట్టీ కట్టేసింది. పాత టూత్‌బ్రష్ పెట్టి గీకితే రెక్కలే పొడిపొడిగా రాలాయి. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఇది మామూలే. ఆ ఇంటి ట్యాంకు 31 డిగ్రీలు చూపిస్తోంది. ఏంజెల్ చేప పైప్ నోటి దగ్గర నిలబడి నోరు తెరిచి మూస్తోంది. అల్మారా తలుపు తీయించి, చిల్లర్‌ను బాల్కనీ నీడలోకి మార్చి పైపు పొడిగించాను. గోడకు కన్నం పెట్టాలంటే ఇంటాయన మొహం మాడ్చుకున్నారు. చేప మాత్రం రాత్రికి తేరుకుంది.

వేడికి చేప చచ్చిపోయిందని అందరూ అంటారు గానీ, ముందు దెబ్బ కొట్టేది నీళ్లలో గాలి తగ్గిపోవడం. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పడుతుంది. అదే సముద్రపు నీళ్లలో 7 కూడా పట్టదు. 30 డిగ్రీలకు వస్తే 6 దగ్గరకు దిగుతుంది. అది కూడా నీళ్లు బాగా కదులుతుంటేనే. చిన్న చేప ఎలాగో సర్దుకుంటుంది. పెద్ద చేప సర్దుకోలేదు. పగలు లైటు కింద నాచు, పగడాల్లో ఉండే సూక్ష్మమైన నాచు ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రి అవి కూడా పీల్చుకునేవే. అందుకని తెల్లవారుజామున ట్యాంకు పరిస్థితి అన్నిటికన్నా కనాకష్టంగా ఉంటుంది. మీ ట్యాంకు ఎలా ఉందో తెలియాలంటే సాయంత్రం చుట్టాలొచ్చినప్పుడు కాదు, లైటు వెలగకముందు వెళ్లి చేప మొప్పలు చూడండి. వేవ్‌మేకర్ ఒకదాన్ని నీళ్ల పైభాగం తళతళలాడేలా పైకి తిప్పండి. పైన గాజు మూతకు బదులు వల వేయండి. స్కిమ్మర్ ఆపకండి. మురికి తీయడమే దాని పని అనుకుంటారు, అంత గాలిని నీళ్లలో చిలికేది కూడా అదే.

కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ట్యాంకు కొన్నరోజే అనుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఎవరూ మర్చిపోలేదు. ఇన్వర్టర్ మీద చిల్లర్ పెట్టకండి, గంటల్లో బ్యాటరీ ఊడ్చేస్తుంది. ఒక్క డీసీ వేవ్‌మేకర్‌ను పెట్టండి. 30 వాట్లకు మించని మోటారు 150 ఏహెచ్ బ్యాటరీ మీద ఒక రోజు దాటి ఆడుతుంది. ఇంట్లో ఫ్యాన్లు ఆపుకోవడానికి మనసొప్పుకోవాలి మరి. రెండు సెల్లులతో నడిచే గాలి పంపు కూడా ఒకటి డ్రాయర్లో ఉండాలి. కరెంటు లేని పూట చేపలకు తిండి పెట్టవద్దు.

ఇక నన్ను ప్రతి ఇంట్లోనూ అడిగే ప్రశ్న: ఎదురుగా సముద్రం పెట్టుకుని ఉప్పు ప్యాకెట్లు కొనడమెందుకు? ఎందుకంటే మన తీరంలో నీళ్ల ఉప్పదనం ఏడాదంతా ఒకలా ఉండదు. వర్షాకాలం చివర్లో ఉత్తరాన ఉన్న పెద్ద నదుల వరదనీరంతా తీరం వెంబడి కిందికి దిగుతుంది. అక్టోబరు, నవంబరులో ఉప్పు బాగా తగ్గిపోతుంది. మే నెల లెక్కతో అప్పుడు క్యాన్లు నింపుకొచ్చి పోస్తే చేపకు ఒక్కసారిగా షాక్. ఒడ్డు దగ్గరి నీళ్లలో మురుగు, డీజిల్, పరాన్నజీవులు ఉండనే ఉంటాయి. ఆర్వో నీళ్లలో ఉప్పు కలుపుకుని, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 చూసుకుని పోసుకోవడం నయం. ఆవిరైన నీళ్లకు బదులు మాత్రం ఉత్త ఆర్వో నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీళ్లు, ఉప్పు కాదు. ఇది తెలియక వారం వారం ఉప్పునీళ్లు పోస్తూ 1.030 దాటించిన ట్యాంకులు నాకు తరచూ తగులుతుంటాయి.

పగడాల మీద ఒక్క మాట. మన సముద్రాల్లో దీవులు కట్టే గట్టి పగడాలు, సముద్రపు గుర్రాలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లోకి వచ్చాయి. గ్రూపర్లలో అన్నిటికన్నా పెద్దదైన జెయింట్ గ్రూపర్ కూడా అప్పుడే అందులో చేరింది. ఎవరో రామేశ్వరం నుంచి తెచ్చారని, అండమాన్ నుంచి పంపారని బిల్లు లేని పగడం చూపిస్తే నేను చేయి పెట్టను. పెద్దదైపోయిన చేపను బీచ్‌లో వదిలేద్దామన్నా సాయం పట్టను. 1980ల్లో ఫ్లోరిడా తీరంలో ఎవరి ట్యాంకుల్లోంచో లయన్‌ఫిష్‌లు సముద్రంలో పడి, ఇవాళ అక్కడి పగడపు రీఫ్‌ల మీద చిన్న చేపను బతకనివ్వడం లేదు. మనం వదిలేది మన సముద్రపు చేపే అయినా, దాంతో పాటు ట్యాంకు జబ్బులు కూడా దిగుతాయి.

షాపులవాళ్లకు నేను చేసే విన్నపం చిన్నది. ధర రాసే స్టిక్కర్ మీదే ఆ చేప ఎంత పెరుగుతుందో, ఎన్ని అడుగుల ట్యాంకు కావాలో కూడా రాయండి. రాగిలో ఎన్ని రోజులు ఉంచారో రాయండి, ఉంచకపోతే ఉంచలేదని రాయండి. ఇంటీరియర్ వాళ్లు డ్రాయింగ్ గీసేముందు మాలాంటి మెకానిక్‌ను పిలిచి చిల్లర్ ఎక్కడ గాలి పీలుస్తుందో అడగండి. మీ పత్రిక మళ్లీ ఇలాంటి కథనం వేసేటప్పుడు ఫొటో కింద ట్యాంకు పొడవు, చేప పూర్తి సైజు రెండూ వేయమని కోరుతున్నాను.

నా పేరు మాత్రం వేయకండి. పైన చెప్పిన ఇళ్లవాళ్లందరూ మీ పత్రికే తెప్పించుకుంటారు, బాల్కనీ గోడకు కన్నం పెట్టించుకున్నాయనతో సహా.

ఇట్లు,
ఒక అక్వేరియం మెకానిక్,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం